విదేశంలో చర్చి సేవకు వెళ్లే పెద్ద దంపతులు: వారం ఎలా నడుస్తుంది, ఎక్కడ చిక్కుపడుతుంది

చర్చి తరఫున పరాయి దేశంలో ఏడాదో ఏడాదిన్నరో సేవ చేసి వద్దామని బయల్దేరే రిటైర్డ్ దంపతులకు ఇక్కడ అందరూ చెప్పేది పిలుపు గురించీ ప్రార్థన గురించీ. వాటికి వాళ్ల దగ్గర కొరత ఉండదు. కొరతపడేది వేరే. మంగళవారం పొద్దున ఎక్కడికి వెళ్లాలి? షుగరు మాత్ర అయిపోతే అక్కడ ఏ పేరు చెప్పి అడగాలి? తిరుపతి బ్యాంకు పంపే ఓటీపీ ఏ ఫోనుకు వస్తుంది? అరవై దాటిన మనిషిని పరాయి ఊళ్లో నిలబెట్టేదీ పడగొట్టేదీ ఇలాంటి సంగతులే. కాబట్టి మిషన్‌ను ఏడాదిన్నరగా కాక వారంగా చూడటం మంచిది. ఒక వారం సరిగ్గా కుదిరితే మిగతావి దాని వెనకే కుదురుతాయి.

చిత్తూరు ప్రాంతానికి మిషన్ కొత్తేమీ కాదు. కాకపోతే ఇన్నాళ్లూ రావడమే గానీ పోవడం లేదు. అమెరికన్ మిషనరీలైన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు 1860లలో సూళ్లూరుపేటలో మొదలుపెట్టి తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వచ్చారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి 1915లో తెరుచుకుంది. ఇప్పుడు ఎదురు దారిన వెళ్లాలనుకునేవాళ్లు కనిపిస్తున్నారు: రిటైరైన టీచర్లు, వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో పనిచేసిన నర్సులు, రైల్వే ఉద్యోగులు.

ఎవరు పంపుతారు, ఎవరు ఖర్చు పెడతారు

ఇక్కడే మొదటి గందరగోళం. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), లూథరన్ సంఘాల్లో దీనికి ఒకే పద్ధతంటూ లేదు. అవతలి దేశంలోని భాగస్వామ్య సంఘం ఆహ్వానిస్తుంది, గది ఇస్తుంది, మిగతాది మాటల మీద నడుస్తుంది. ఆ మాటలను కాగితం మీద పెట్టించుకోకపోతే తర్వాత చిక్కే. పెద్ద దంపతుల సేవను కచ్చితమైన నియమాలతో నడిపే సంఘం చూడాలంటే యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘాన్ని చూడాలి. అమెరికాలో 1830లో మొదలైన సంఘం ఇది. భారతదేశంలో దీని మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. సిద్ధాంతపరంగా మన ప్రాంతపు సంఘాలకూ దీనికీ చాలా దూరం ఉంది, ఆ చర్చ ఇక్కడ అనవసరం. ఏర్పాట్ల విషయంలో మాత్రం ఎవరైనా దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

అక్కడ దంపతులు తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. జీతం ఉండదు. 2011లో మార్చిన నియమం ప్రకారం 6, 12, 18, 23 నెలల గడువుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. దంపతులు కట్టే ఇంటి అద్దె నెలకు 1,400 డాలర్లు దాటకుండా పైపరిమితి పెట్టిందీ అప్పుడే. ఇంటి దగ్గర తమ మీద ఆధారపడిన చిన్న పిల్లలు ఉండకూడదు, ఆరోగ్యం పనికి తగ్గట్టు ఉండాలి. తెల్లచొక్కా, టై కట్టుకుని తలుపులు తట్టే యువ మిషనరీల పని వీళ్లకు పెట్టరు, వాళ్ల కఠినమైన దినచర్యా వీళ్లకు వర్తించదు.

ఇక మన లెక్క చూద్దాం. డాలరు 85 రూపాయలనుకుంటే 40,000 రూపాయల పింఛను 470 డాలర్లవుతుంది. అమెరికా పట్టణంలో ఇద్దరికి అది తిండికి చాలవచ్చు, అద్దెకు చాలదు. పిలిచే సంఘం ఇల్లు ఇవ్వనిదే రూపాయల పింఛనుతో అమెరికా, బ్రిటన్ వెళ్లడం అప్పు చేసి సేవ చేయడమే. ఫిలిప్పీన్స్, కెన్యా, శ్రీలంక లాంటి చోట్ల అదే పింఛను ఎక్కువ దూరం వస్తుంది. పిల్లలు డబ్బు పంపుతామంటే సంతోషమే. కానీ నెలకు ఎంత, ఎన్ని నెలలు అన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి. అక్కడికి చేరాక అడగడం పెద్దవాళ్లకు కష్టం, కాదనడం పిల్లలకు కష్టం.

వీసా పనిని బట్టి ఉండాలి. అమెరికాలో మతపరమైన సేవకు ఆర్-1 వీసా ఉంది. మొదట 30 నెలల వరకు ఇస్తారు, మొత్తం మీద అయిదేళ్లు దాటదు. దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు అదే శాఖలో సభ్యులై ఉండాలి, వారానికి సగటున 20 గంటలకు తగ్గని పని చూపాలి. బ్రిటన్‌లో తాత్కాలిక రిలిజియస్ వర్కర్ వీసా 24 నెలలు, చారిటీ వర్కర్ వీసా 12 నెలలు. ఆరు నెలలు దాటి ఉండేవాళ్లకు క్షయ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. దాంతోపాటు తలకు ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి ముందే కట్టాలి. ఇద్దరికి రెండేళ్లంటే 4,140 పౌండ్లు. బడ్జెట్లో చాలామంది మరిచిపోయే అంకె ఇది. కొడుకు దగ్గరకు విజిటర్ వీసా మీద వెళ్లి ఆదివారం అక్కడి తెలుగు చర్చిలో పాట పాడితే తప్పేమీ లేదు. అదే వీసా మీద మిషన్ సంస్థ ఇచ్చిన బాధ్యతలు నెలల తరబడి నడిపితే మాత్రం అది వేరే వ్యవహారం. ఇమిగ్రేషన్ అధికారి అడిగే మొదటి ప్రశ్న దగ్గరే అది బయటపడుతుంది.

కాగితాల్లో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు పేర్లది. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, బాప్తిస్మం తర్వాత వచ్చింది ఇంకొకటి, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. భార్య పాస్‌పోర్టులో భర్త పేరు ఒకలా, భర్త పాస్‌పోర్టులోనే ఇంకోలా ఉంటుంది. పైగా నలభై ఏళ్ల కిందటి పెళ్లికి చర్చి రిజిస్టరు తప్ప ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండదు. వీసా దరఖాస్తుకు ముందే పెళ్లి సర్టిఫికెట్ తీసుకుని, తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పేర్లు సరిచేయించుకోవాలి. దీనికి నెలలు పట్టవచ్చు కాబట్టి అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగి బయోమెట్రిక్ పడకపోవడం కూడా మామూలే. వేళ్లకు కొన్నాళ్లు కొబ్బరినూనో వాజిలినో రాస్తూ ఉంటే కొంత మేలు.

వారం లోపల

కడవరి దిన పరిశుద్ధుల మిషన్లలో దంపతులకిచ్చే పనులు ముఖ్యంగా నాలుగు రకాలు: మిషన్ ఆఫీసు, స్థానిక సంఘానికి తోడ్పాటు, సహాయ కార్యక్రమాలు, పాత రికార్డుల డిజిటలీకరణ. వారం ఆకారం ఈ పనిని బట్టే ఉంటుంది.

ఆఫీసు పనికి సోమవారం నుంచి శుక్రవారం దాకా బల్ల దగ్గర కూర్చోవాలి. యువ మిషనరీల అద్దె ఇళ్లు, కరెంటు బిల్లులు, కార్ల సర్వీసింగు, వీసా పొడిగింపులు, ఉత్తరాలు, రసీదులు చూడాలి. ట్రెజరీలోనో తాలూకా ఆఫీసులోనో పనిచేసి రిటైరైనవాళ్లకు ఇది కొట్టిన పిండి. దాదాపు ఆరు వారాలకోసారి యువ మిషనరీలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుస్తారు. ఆ వారం మాత్రం వేళాపాళా ఉండదు. విమానాశ్రయానికి తిరగడం, పరుపులు సర్దడం, తాళంచెవులు లెక్కపెట్టడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ వారంలో డాక్టరు అపాయింట్‌మెంటు పెట్టుకోకూడదు.

యువ మిషనరీల ఇళ్లు తనిఖీ చేయడం దంపతులకు తరచూ అప్పగించే పని. పైకి చిన్నది, నిజానికి ప్రాణాలకు సంబంధించింది. పొగ అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడాలి. గ్యాసుతో గది వేడిచేసుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. గ్యాస్ ట్యూబు పగుళ్లు, కిటికీ గొళ్లెం, బాత్రూం గోడకు బూజు, ఫ్రిజ్‌లో గడువు దాటిన పాలు, ఒకే ప్లగ్గుకు తగిలించిన మూడు హీటర్లు కూడా చూడాలి. చూసింది ఫొటో తీసి అదే రోజు రాసి పంపాలి. వారం చివర్లో రాద్దామనుకుంటే ఏ ఇంట్లో ఏముందో కలిసిపోతుంది. తిట్టకుండా చెప్పడం కూడా ఇందులో భాగమే. పందొమ్మిదేళ్ల పిల్లవాడికి గిన్నె కడగడం నేర్పేటప్పుడు పక్కనే నిలబడి కడిగి చూపిస్తే చాలు.

స్థానిక సంఘానికి తోడ్పడే పనిలో వారం వదులుగా ఉంటుంది, ప్రమాదమూ అక్కడే. ఆదివారం ఆరాధన 2019 నుంచి రెండు గంటలే. మొదటి గంట ప్రభురాత్రి సంస్కార కూటం, తర్వాత తరగతులు. మన దగ్గర మూడు గంటల ఆరాధన, శుక్రవారం ఉపవాస కూటం, మధ్యలో గృహ కూటాలతో వారం నిండిపోయే పెద్దవాళ్లకు అక్కడ సోమవారం నుంచి శనివారం దాకా ఖాళీగా కనిపిస్తుంది. ఎవరో పిలుస్తారని ఇంట్లో కూర్చుంటే రెండో నెలకల్లా దిగులు పట్టుకుంటుంది. కాబట్టి వారానికి కనీసం మూడు పనులను కదలని వేళకు కట్టేయాలి. ఉదాహరణకు మంగళవారం యువ మిషనరీల సమావేశం, బుధవారం మంచాన పడిన సభ్యుల ఇళ్లు, గురువారం సాయంత్రం కుట్టుపనో కంప్యూటరో నేర్పే తరగతి. మిగతాది వాటి చుట్టూ అమరుతుంది. ముందుగా చెప్పకుండా ఇంటికి వెళ్లడం మన దగ్గర ఆప్యాయత, చాలా దేశాల్లో ఇబ్బంది. ముందు రోజు మెసేజి పెట్టి, వెళ్లాక అరగంటలో లేవాలి.

సహాయ కార్యక్రమాల్లో, చక్రాల కుర్చీలైనా మంచినీటి బోర్లైనా, సమయమంతా తిరగడానికి కాక కాగితాలకు పోతుంది. స్థానిక సంస్థ అవసరం రాసివ్వాలి, దాన్ని పరిశీలించి ప్రతిపాదన పంపాలి, మంజూరయ్యాక ధరలు తెప్పించాలి, కొన్నాక రసీదులు జతచేయాలి, కొన్ని నెలలకు వెళ్లి పని చేస్తోందో చూడాలి. చిక్కు వచ్చేది చివరి మెట్టు దగ్గర. బోరు వేస్తారు. మోటారు కాలిపోతే రిపేరు ఎవరిదో తేల్చరు. ఆ ఊరి కమిటీ చేత ముందే సంతకం పెట్టించుకోవాలి. రిబ్బన్ కత్తిరించే ఫొటో కన్నా ఆ కాగితం విలువైనది.

రికార్డుల పనికి ఓపిక చాలు. కెమెరా కింద పాత రిజిస్టరు పేజీ పెట్టడం, వెలుతురు సరిచూడటం, నొక్కడం, పేజీ తిప్పడం. నడుం, మెడ పట్టేస్తాయి కాబట్టి ముప్పావు గంటకోసారి లేవాలి.

వారంలో ఒకరోజు సన్నాహక దినం, చాలాచోట్ల సోమవారం. సరుకులు, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడవడం, పిల్లలతో మాట్లాడటం అన్నీ అప్పుడే. యువ మిషనరీలు ఇంటికి ఫోను చేయడానికి వారానికో రోజు కేటాయిస్తారు. పెద్ద దంపతులకు ఆ పరిమితి లేదు. అయినా వేళ పెట్టుకోవడం మేలు. అమెరికాలోని యూటాలో ఉంటే మనకు చలికాలంలో 12 గంటల 30 నిమిషాల తేడా, వేసవిలో 11 గంటల 30 నిమిషాలు. అక్కడ రాత్రి 8 అయితే ఇక్కడ మర్నాడు పొద్దున. తిరుపతిలో మనవడు స్కూలు బస్సెక్కే వేళకు ఫోను చేస్తే ఎవరూ మాట్లాడరు, వాళ్లు పట్టించుకోవడం లేదని వీళ్లు నొచ్చుకుంటారు.

ఇక ఎవరూ రాయని సంగతి వంటిల్లు. బయటి పని ఇద్దరిదీ అంటారు, కానీ వంట ఆమెదే అయితే ఆమెకు రెండు ఉద్యోగాలు. పైగా ఆదివారం మధ్యాహ్నం యువ మిషనరీలు నలుగురు భోజనానికి వస్తారు. వెళ్లకముందే ఆయనకు అన్నం, పప్పు, చారు, ఉప్మా వచ్చి ఉండాలి. వారానికి రెండుసార్లు వండి ఫ్రిజ్‌లో పెట్టుకునే అలవాటూ ఉండాలి. చలిదేశంలో ఇడ్లీ పిండి పొంగదు. పులియడానికి 30 డిగ్రీల దగ్గరి వెచ్చదనం కావాలి. ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వేసి గిన్నె పెడితే 10 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. ఇక్కడి మిక్సీ బ్రిటన్‌లో ప్లగ్గు అడాప్టరుతో తిరుగుతుంది, అమెరికా 120 వోల్టుల్లో తిరగదు. అమెరికాకు సామాను కట్టేటప్పుడు కరివేపాకు, బియ్యం, తాజా పండ్లు, మాంసం పచ్చళ్లు వద్దు. కరివేపాకు మీద వచ్చే పురుగు నిమ్మజాతి చెట్లకు తెగులు మోస్తుంది, బియ్యంలో ఖాప్రా పురుగు భయం. రాగిపిండి, వేయించిన చెనిక్కాయల ఊరిబిండి పొడి, మామిడికాయ పచ్చడి సాధారణంగా వెళ్తాయి. ఏం తెచ్చారో కస్టమ్స్ ఫారంలో దాచకుండా రాయాలి. రాసిన వస్తువు పోతే వస్తువే పోతుంది, రాయనిది దొరికితే జరిమానా.

మందుల సంచి

ఉపవాసం నెలలో మొదటి ఆదివారం. కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో 24 గంటలు తిండి, నీళ్లు మానడం వాడుక, ఆరోగ్యం సహకరిస్తేనే. షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు తిండి మానకూడదు, షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. అక్కడి సంఘ నాయకుడికి ముందే చెప్పేస్తే మొహమాటం ఉండదు.

మందుల చీటీ కంపెనీ పేర్లతో కాక అసలు రసాయన పేర్లతో, ఆస్పత్రి ముద్రతో, ఇంగ్లీషులో టైపు చేయించుకోవాలి. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి అయినా సీఎంసీ అయినా అడిగితే ఇస్తారు. మన దగ్గర రోజూ రాసే మందుల్లో కొన్ని అమెరికాలో అసలు అమ్మరు: విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లాజైడ్, నొప్పులకు ఎసెక్లోఫెనాక్, గ్యాసు మాత్రలో కలిసి వచ్చే డోంపెరిడోన్. విల్డాగ్లిప్టిన్, గ్లిక్లాజైడ్ బ్రిటన్‌లో దొరుకుతాయి, టెనెలిగ్లిప్టిన్ అక్కడా దొరకదు. కాబట్టి బయల్దేరడానికి కనీసం మూడు నెలల ముందే ఆ దేశంలో దొరికే మందుకు డాక్టరు చేత మార్పించుకుని, అది ఒంటికి పడుతోందో ఇక్కడే చూసుకోవాలి. అక్కడికెళ్లాక మార్చుకుందామంటే ఆ డాక్టరు అపాయింట్‌మెంటుకే వారాలు పడుతుంది.

అమెరికాకు సొంత వాడకానికి 90 రోజుల మందులు మించకపోవడం మంచిది. ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టుకోవాలి. చెకిన్ సామానులో గడ్డకడితే పనికిరాదు. పళ్లు, కంటి శుక్లాలు ఇక్కడే చూపించుకోవాలి, కళ్లద్దాలు రెండో జత చేయించుకోవాలి. ప్రయాణ బీమాలో పాత జబ్బుల గురించి ఏం రాశారో అక్షరం అక్షరం చదవాలి. చాలా పాలసీలు బీపీ, షుగరు వల్ల వచ్చినదాన్ని పక్కన పెడతాయి, అరవై అయిదు దాటినవాళ్లు ఆస్పత్రికి చేరేది ఎక్కువగా వాటివల్లే.

ఓటీపీ, లైఫ్ సర్టిఫికెట్, తాళం వేసిన ఇల్లు

పింఛను బ్యాంకులో పడుతూనే ఉంటుంది, తీయడానికే కుదరదు. కారణం ఓటీపీ. ఇక్కడి సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేసుకున్న రోజు నుంచి బ్యాంకు, ఆధార్, ఆదాయపన్ను అన్నీ మూగబోతాయి. రెండు సిమ్ములు పట్టే ఫోను కొని, ఇక్కడి నంబరుకు అంతర్జాతీయ రోమింగ్ తెరిపించి, గడువు దాటకుండా రీచార్జి చేసే బాధ్యత ఇంటి దగ్గర ఒకరికి అప్పగించాలి. బయల్దేరకముందే సిమ్‌లో రోమింగ్ తెరిచి ఉందో లేదో కస్టమర్ కేర్‌లో అడిగి నిర్ధారించుకోవాలి. విమానాశ్రయంలో దిగాక తెరిపించడం కష్టం.

బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గడువు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు నవంబరు, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే. ఈపీఎస్-95 (భవిష్యనిధి సంస్థ ఇచ్చే ఉద్యోగుల పింఛను) వాళ్లకు ఇచ్చిన తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర పింఛనుదారులు తమ గడువు ట్రెజరీలో అడిగి రాసుకోవాలి. ప్రభుత్వం వారి జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి విదేశం నుంచే ఇవ్వవచ్చు. అది పనిచేయకపోతే భారత రాయబార కార్యాలయంలో సంతకం చేయించి పోస్టులో పంపవచ్చు. ఆ పోస్టు చేరడానికి పట్టే రోజులు లెక్కలో వేసుకోవాలి. కారు నడిపే పని ఉంటే ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదే చెల్లుతుంది. ఏడాదిన్నర సేవకు అది సగం దారిలో ఆగిపోతుంది, అక్కడి లైసెన్సు పరీక్షకు ముందే సిద్ధపడాలి.

ఇంటి సంగతి త్వరగా: నగలు లాకర్లో, గ్యాసు రెగ్యులేటరు తీసి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, కరెంటు కనెక్షను ఉంచి నెలనెలా కనీస బిల్లు ఆన్‌లైన్లో కట్టాలి. ఆస్తిపన్ను అర్ధ సంవత్సరానికోసారి. అద్దెకిస్తే ఒప్పందంలో తిరిగి వచ్చే నెల కాక, దానికి రెండు నెలల ముందు ఖాళీ చేయాలని రాయించాలి.

తిరుగు ప్రయాణానికి ఆరు వారాల ముందు నుంచి వారం మళ్లీ మారుతుంది. కొత్త బాధ్యతలు తీసుకోకూడదు. తర్వాత వచ్చే దంపతుల కోసం ఒక ఫైలు తయారుచేయాలి: ఏ ఇంటి యజమానికి ఏ తేదీన అద్దె, ఏ సభ్యుడికి డయాలసిస్ ఏ రోజు, ఏ ప్లంబరు ఫోనెత్తుతాడు, ఏ దుకాణంలో కందిపప్పు దొరుకుతుంది. రేణిగుంటకు విదేశాల నుంచి నేరుగా విమానాలు లేవు కాబట్టి చెన్నైలో అర్ధరాత్రి దిగితే ఆ రాత్రే కారెక్కి తిరుపతి రాకుండా అక్కడే పడుకుని పొద్దున బయల్దేరాలి. ఇరవై గంటలు కూర్చుని వచ్చిన కాళ్లకు ఇంకో మూడు గంటలు మడిచి కూర్చోవడం మంచిది కాదు, డ్రైవరుకూ నిద్ర వస్తుంది. మందులు చేతిసంచిలో కనీసం వారానికి సరిపడా ఉంచుకోవాలి, ఎందుకంటే పెట్టెలు ఒక్కోసారి వెనక వస్తాయి.